కృత్రిమ అయాన్ చానెళ్లు: లిపిడ్ పొరల్లో వాటి సహకార ప్రవర్తన

లిపిడ్ పొరలో చేరి, అయాన్లు ఇటునుంచి అటు దాటడానికి దారి ఏర్పరిచేలా ప్రయోగశాలలో తయారుచేసిన అణువులను కృత్రిమ అయాన్ చానెళ్లు అంటారు. వీటిలో చాలావాటికి ఒంటరిగా పని జరగదు. రెండో, నాలుగో, ఎనిమిదో అణువులు పొరలో ఒకచోట చేరితేనే దారి తెరుచుకుంటుంది. అందుకే అణువుల సంఖ్య రెట్టింపు చేస్తే అయాన్ల ప్రవాహం రెట్టింపుతో ఆగదు. నాలుగింతలవుతుంది, పదహారింతలవుతుంది, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది. ఒక అణువు ఉనికి మరో అణువు పనిని ఇలా మార్చడాన్నే సహకార ప్రవర్తన అంటారు.

ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన పని చాలావరకు హైదరాబాద్ తూర్పు భాగంలో, తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే రోడ్డు పక్కన సాగింది. 1944లో హైదరాబాద్ సంస్థానం నెలకొల్పిన పరిశోధనశాల 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా (ఐఐసీటీ) మారింది. దాని ఆవరణలోనే 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వాన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) పుట్టింది. నేడు ఆ రెండూ ఉప్పల్ రోడ్డు మీద ఇరుగుపొరుగు సంస్థలు. మొదట నాచారంలో ఉండి ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి (సీడీఎఫ్‌డీ) కూడా ఈ కథలో చోటుంది.

పొర ఎందుకు అడ్డుపడుతుంది

కాగే నూనెలో ఉప్పు వేస్తే కరగదు, రవ్వలుగానే గిన్నె అడుగున మిగులుతుంది. కణం చుట్టూ ఉన్న పొర మధ్యభాగం అలాంటి నూనే. లిపిడ్ అణువులు రెండు వరుసలుగా నిలబడి, నీటిని ఇష్టపడే తలలను బయటికీ, నూనెలాంటి తోకలను లోపలికీ పెట్టుకుంటాయి. ఎర్ర రక్తకణాల నుంచి తీసిన లిపిడ్లను నీటి మీద పరిచి, అవి ఆక్రమించే విస్తీర్ణం కణాల ఉపరితలానికి రెండింతలు ఉందని 1925లో గోర్టర్, గ్రెండెల్ చూపించారు. రెండు వరుసల ఊహకు పునాది అదే. ఆ నూనె భాగం మందం సుమారు 3 నానోమీటర్లు.

సోడియం, పొటాషియం అయాన్లు నీటిలో ఉన్నప్పుడు వాటి చుట్టూ నీటి అణువులు తమ ఆక్సిజన్ కొసలను తిప్పి కమ్ముకుంటాయి. ఆ తోడు వదిలి నూనెలోకి అడుగుపెట్టాలంటే చాలా శక్తి కావాలి. కాబట్టి చానెల్ అనిపించుకోవాలంటే ఏ అణువైనా రెండు పనులు చేయాలి. నీటి ఆక్సిజన్లకు బదులుగా తన ఆక్సిజన్లను అందించాలి, 3 నానోమీటర్ల దూరం పొడవునా అందించాలి. ప్రకృతి ఈ పనిని వందల అమైనో ఆమ్లాలున్న పెద్ద ప్రోటీన్లతో చేయిస్తుంది. రసాయన శాస్త్రజ్ఞుడి చేతిలో తయారయ్యే అణువు వాటితో పోలిస్తే చాలా చిన్నది. ఎత్తు చాలదు, లేదా చుట్టుకొలత చాలదు. ఆ లోటు తీరాలంటే తోటి అణువులు కావాలి.

చానెల్ పనిని కొలవడానికి రెండు దారులున్నాయి. 1962లో మ్యూలర్, రూడిన్, టీన్, వెస్కాట్ ఒక చిన్న రంధ్రం మీద లిపిడ్ ద్రావణం పూసి, అది పలచబడి రెండు వరుసల పొరగా మిగిలేలా చేశారు. సబ్బుబుడగ పగిలే ముందు నల్లబడినట్టే ఈ పొర కూడా నల్లగా కనిపిస్తుంది. దానికి అటూ ఇటూ ఎలక్ట్రోడ్లు పెట్టి ఒక్క చానెల్ తెరుచుకోవడాన్ని కూడా విద్యుత్ ప్రవాహంగా పట్టుకోవచ్చు. ఒక పికో ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62 లక్షల అయాన్లు. రెండో దారి లైపోసోములది. 1965లో బాంగమ్ బృందం వివరించిన ఈ లిపిడ్ బుడగల్లో మెరిసే రంగు నింపి, చానెల్ కలిపాక మెరుపు ఎలా మారుతుందో చూస్తారు. మొదటి పద్ధతి ఒక్కొక్క చానెల్‌ను చూపిస్తుంది, రెండోది లక్షల బుడగల సగటును. సహకారం గురించి చర్చించేటప్పుడు ఈ తేడాను మరిచిపోకూడదు.

గ్రామిసిడిన్: రెండు సగాల కథ

ఈ రంగం మొత్తానికి ఒరవడి గ్రామిసిడిన్. 1939లో రెనె డ్యూబో మట్టి బాక్టీరియా నుంచి దీన్ని వేరుచేశాడు. 1965లో సార్జెస్, విట్‌కాప్ దీని నిర్మాణక్రమాన్ని తేల్చారు. ఇందులో 15 అమైనో ఆమ్లాలే ఉంటాయి. వాటిలో ఎడమచేతి రూపం (ఎల్), కుడిచేతి రూపం (డి) ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మామూలు ప్రోటీన్లలో ఉండేది ఎల్ రూపమే. ఈ మారుమారు అమరిక వల్ల గొలుసు బోలుగా, గొట్టంలా చుట్టుకోగలదని 1971లో డాన్ అరీ ప్రతిపాదించాడు. ఎల్, డి మారుమారుగా వచ్చే గొలుసుల సాధ్యాసాధ్యాలను జి.ఎన్. రామచంద్రన్, ఆర్. చంద్రశేఖరన్ 1972లో లెక్కకట్టి చూపారు. ప్రోటీన్ మడతలకు రామచంద్రన్ గీసిన పటం ప్రపంచానికి తెలుసు. అయాన్ల దారి విషయంలోనూ ఆయన ఆలోచన ఉందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాలి.

గ్రామిసిడిన్ గొట్టం ఒక్కటే పొరలో సగం దూరం మాత్రమే వస్తుంది. పై వరుస నుంచి ఒకటి, కింది వరుస నుంచి ఒకటి వచ్చి మధ్యలో తలలు ఆనించుకుని, 6 హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటేనే దారి పూర్తవుతుంది. దారి వెడల్పు సుమారు 0.4 నానోమీటర్లు. నీటి అణువులైనా అయాన్లైనా అందులో ఒకే వరుసలో నడవాల్సిందే. అయినా సెకనుకు కోటి అయాన్లు దాటిపోగలవు. 1970లో హ్లాడ్కీ, హేడన్ దీని ప్రవాహం మెట్లు మెట్లుగా పెరిగి తగ్గడం నమోదు చేశారు. ఒక్కో మెట్టు ఒక జంట కలిసిన క్షణం, లేదా విడిపోయిన క్షణం.

జంట కట్టడమే దారి అయితే, గ్రామిసిడిన్‌ను రెండింతలు చేసినప్పుడు ప్రవాహం నాలుగింతలు కావాలి. పొరలో జంటలకన్నా ఒంటరి అణువులు ఎక్కువగా ఉన్నంతకాలం అలాగే జరుగుతుంది. గాఢత బాగా పెరిగి అన్నీ జంటలైపోయాక మాత్రం ప్రవాహం గాఢతతో సమానంగానే పెరుగుతుంది. చానెల్‌లో మార్పేమీ లేదు, నిర్మాణం అదే. కొలిచిన చోటును బట్టి ఒకసారి సహకారం కనిపిస్తుంది, మరోసారి కనిపించదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఈ రంగంలోని సగం అపోహలు తొలగిపోతాయి. రెండు గ్రామిసిడిన్ల తలలను రసాయన బంధంతో శాశ్వతంగా కలిపినప్పుడు చానెల్ మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువసేపు తెరిచి ఉండటం జంట వాదానికి గట్టి సాక్ష్యంగా నిలిచింది.

సీసీఎంబీలో అమితాభ చట్టోపాధ్యాయ బృందం గ్రామిసిడిన్‌ను చాలా ఏళ్లు వెలుగుతో పరీక్షించింది. ఈ అణువులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు 4 ఉన్నాయి, అవి 9, 11, 13, 15 స్థానాల్లో ఉంటాయి. అతినీలలోహిత కాంతి పడితే మెరుస్తాయి. చానెల్ రూపంలో ఉన్నప్పుడు అవి పొర అంచున, నీరూ నూనే కలిసే చోట నిలబడతాయి. గొలుసులు రెండూ తాడులా పెనవేసుకున్న రూపంలో, అంటే చానెల్ కాని రూపంలో, ట్రిప్టోఫాన్‌లు పొర పొడవునా చెదిరి ఉంటాయి. ఏ తరంగదైర్ఘ్యంతో వెలిగిస్తే ఏ రంగులో మెరుస్తుందో చూసి ఈ రెండు రూపాలను విడదీయవచ్చని 2004లో ఆ బృందం చూపించింది. పొరలో ఒక అణువు ఎంత లోతున ఉందో కొలిచే పారలాక్స్ పద్ధతిని చట్టోపాధ్యాయ 1987లోనే ఎర్విన్ లండన్‌తో కలిసి రూపొందించాడు. అణువులు కూడటం ఒక్కటే చాలదు, సరైన తీరులో కూడాలి. పెనవేసుకున్న జంట కూడా జంటే, అయినా అందులోంచి అయాన్ దారి ఏర్పడదు. ప్రవాహాన్ని మాత్రమే కొలిచే పద్ధతికి ఈ రెండో జంట కనిపించదు, మెరుపును కొలిచే పద్ధతికి కనిపిస్తుంది.

హిల్ గుణకం: ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

సహకారాన్ని అంకెలో చెప్పడానికి వాడేది హిల్ గుణకం. 1910లో ఎ.వి. హిల్ హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే తీరును వివరించడానికి దీన్ని ప్రవేశపెట్టాడు. అడ్డంగా గాఢతను, నిలువుగా పనిని గీస్తే సహకారం లేని అణువు గీత మెల్లగా వంగి పైకెక్కుతుంది. సహకారం ఉన్న అణువు గీత కొంతదూరం నేలబారుగా సాగి, ఒక్కసారిగా నిటారుగా లేచి, మళ్లీ చదునవుతుంది. ఆ నిటారుతనమే గుణకం.

దీని ఆచరణాత్మక అర్థం చాలా సూటిగా ఉంటుంది. పదిశాతం పని నుంచి తొంభైశాతం పనికి చేరడానికి గుణకం 1 ఉన్న అణువును 81 రెట్లు పెంచాలి. గుణకం 2 అయితే 9 రెట్లు చాలు. గుణకం 4 అయితే 3 రెట్లే. మందుగా వాడాలనుకునేవారికి ఈ అంకెలు ముఖ్యం. నిటారు గీత ఉన్న అణువు విషయంలో పనిచేయని మోతాదుకూ, అతిగా పనిచేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ.

అయితే గుణకాన్ని చానెల్‌లోని అణువుల సంఖ్యగా చదవడం పొరపాటు. హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్‌కు 4 స్థానాలున్నా గుణకం సుమారు 2.8 దగ్గరే ఉంటుంది. గుణకం సాధారణంగా ఆ సంఖ్యకు కింది హద్దు మాత్రమే. కృత్రిమ చానెళ్ల విషయంలో చిక్కు ఇంకా లోతైనది. జెనీవాలో స్టెఫాన్ మాటీల్, భోసలే 2006లో దీన్ని స్పష్టంగా విడమరిచారు. గుణకం 1 దాటిందంటే కూటమి అస్థిరమని అర్థం: పొరలో ఉన్న అణువుల్లో అధికభాగం ఒంటరివే, పనిచేసే కూటములు చాలా కొద్ది. గుణకం 1గానో అంతకు తక్కువగానో వచ్చిందంటే కూటమి లేదని అనుకోనక్కర్లేదు. అది ముందే గట్టిగా కట్టుకుని ఉండవచ్చు. గ్రామిసిడిన్ దగ్గర చూసిన రెండు ముఖాలే ఇవి. కాబట్టి ఎక్కువ గుణకాన్ని గట్టి బంధానికి గుర్తుగా చెప్పడం విషయాన్ని తలకిందులు చేయడమే. ఈ పొరపాటు పరిశోధన వ్యాసాల్లో ఇంకా కనిపిస్తుండటం బాధ కలిగించే సంగతి.

గీత నిటారుగా లేవడానికి సహకారంతో సంబంధంలేని కారణాలూ ఉంటాయి. పెప్టైడ్ (గ్రామిసిడిన్ వంటి పొట్టి అమైనో ఆమ్లాల గొలుసు) కొంత పరీక్షనాళిక గోడకు అంటుకుపోతుంది, కొంత నీటిలో ముద్దకడుతుంది. తక్కువ గాఢతలో ఈ నష్టమే ఎక్కువ వాటా కాబట్టి గీత మొదట్లో నేలబారుగా కనిపిస్తుంది. మరో సంగతి, లెక్కకు రావలసింది నీటిలోని గాఢత కాదు, ఒక్కో పెప్టైడ్‌కు ఎన్ని లిపిడ్లు ఉన్నాయన్నది. లిపిడ్ మొత్తాన్ని మార్చి కొలత మళ్లీ చేయకుండా సహకారం ఉందని తేల్చడం తొందరపాటు.

అలమెథిసిన్, పీపా పలకలు

గ్రామిసిడిన్‌లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. అలమెథిసిన్‌లో పలువురు పక్కపక్కన నిలబడి వలయం కడతారు. ట్రైకోడెర్మా విరిడె అనే బూజు తయారుచేసే ఈ పెప్టైడ్‌లో 20 భాగాలుంటాయి, అది మర (హెలిక్స్) ఆకారంలో చుట్టుకుంటే పొడవు 3 నానోమీటర్లు, సరిగ్గా పొర మందం. నూనెకు ఎదురుగా ఒక ముఖం, దారికి ఎదురుగా మరో ముఖం. చెక్కపలకలను గుండ్రంగా పేర్చి పీపా చేసినట్టు ఈ మరలు నిలబడతాయని 1974లో వచ్చిన ప్రతిపాదన నేటికీ నిలిచింది. పలక చేరినప్పుడల్లా దారి వెడల్పవుతుంది, ప్రవాహం ఒక మెట్టు ఎక్కుతుంది. లిపిడ్‌ను బట్టి ఒక పీపాలో 8 నుంచి 11 అణువుల వరకు లెక్కతేలాయి. ఇన్ని అణువులు చేరాలి కాబట్టి గాఢతతోపాటు ప్రవాహం ఆరో ఘాతంలోనో అంతకు మించో పెరుగుతుంది, విద్యుత్ పీడనం మారినా అంతే తీవ్రంగా స్పందిస్తుంది. 1968లో మ్యూలర్, రూడిన్ దీన్ని వాడి కృత్రిమ పొరలో నాడీకణపు స్పందన వంటి స్పందనను పుట్టించారు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి. బలరాం, ఆయన విద్యార్థి ఆర్. నాగరాజ్ అలమెథిసిన్ ముక్కలను రసాయనికంగా తయారుచేసి వాటి మడతలనూ పొరల మీద పనినీ పరిశీలించారు. వారిద్దరూ 1981లో రాసిన అలమెథిసిన్ సమీక్ష ఆ విషయంలో ప్రామాణికమైంది. నాగరాజ్ ఆ అనుభవంతోనే హైదరాబాద్ వచ్చి సీసీఎంబీలో చేరాడు.

ఎద్దు వీర్యం నుంచి పదమూడు అమైనో ఆమ్లాల దాకా

ఉప్పల్ రోడ్డు పనిలో మొదటి మెట్టు చానెళ్ల కోసం వేసింది కాదు. ఎద్దు వీర్యద్రవంలో బాక్టీరియాను చంపే ప్రోటీన్ ఒకటుందని ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ 1979లో నేచర్ పత్రికలో ప్రకటించి దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరుపెట్టారు. అది బాక్టీరియాలో రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపుతుందన్నది అప్పటి వివరణ. వీర్యకణంలోకి కాల్షియం చేరకుండా ఆపే కాల్ట్రిన్ అనే ప్రోటీన్‌ను అమెరికాలో వేరుగా కనుగొన్నారు. ఆ రెండూ ఒకటేనని 1986లో ఎన్. సీతారాం, వి. కృష్ణకుమారి, భార్గవ నిరూపించారు. బాక్టీరియాను చంపేదీ, కాల్షియం రాకపోకలను నియంత్రించేదీ ఒకే అణువని తేలడంతో దృష్టి సహజంగానే పొర మీదికి మళ్లింది.

సెమినల్‌ప్లాస్మిన్‌లో 47 అమైనో ఆమ్లాలున్నాయి. ఏ భాగం నూనెను ఇష్టపడుతుందో సీతారాం, నాగరాజ్ లెక్కకట్టారు. 28 నుంచి 40 దాకా ఉన్న 13 అమైనో ఆమ్లాల ముక్క మిగతా గొలుసుకన్నా స్పష్టంగా నూనెవైపు మొగ్గింది. ఆ ముక్కను విడిగా తయారుచేసి పరీక్షించి 1990లో ఫలితం ప్రకటించారు. ముక్క బాక్టీరియాను చంపింది. దాంతోపాటు ఎర్ర రక్తకణాలను కూడా పగలగొట్టింది. అసలు ప్రోటీన్‌కు ఈ రెండో గుణం లేదు! 47 అమైనో ఆమ్లాల గొలుసు మోసుకొస్తున్న పదును, తక్కిన 34 అమైనో ఆమ్లాల ఒద్దికలో అదుపులో ఉందన్నమాట. భారతీయ పెప్టైడ్ పరిశోధనలో నాకు అత్యంత అందంగా తోచే ఫలితాల్లో ఇదొకటి. 1993లో అదే జంట, పూర్తి ప్రోటీనూ ముక్కా కృత్రిమ లిపిడ్ పొరలతో ఎలా వ్యవహరిస్తాయో పోల్చి ప్రచురించింది.

ఇక్కడ కొలతలు చూడాలి. మర ఆకారంలో చుట్టుకున్న గొలుసులో ఒక్కో అమైనో ఆమ్లం 0.15 నానోమీటర్ల ఎత్తు ఇస్తుంది. 13 కలిస్తే 2 నానోమీటర్లలోపే. పొర నూనె భాగం 3. అంటే ఈ ముక్క నిటారుగా నిలబడినా ఆవలి ఒడ్డు అందదు, అలమెథిసిన్‌లా పీపా కట్టడం దీనివల్ల కాదు. ఇంత పొట్టి పెప్టైడ్లు మొదట పొర ఉపరితలం మీద పడుకుంటాయి, తగినన్ని చేరాక లిపిడ్ తలలనే లోపలికి వంచి తాత్కాలికమైన రంధ్రాలు చేస్తాయి. వాటి గోడ సగం పెప్టైడ్, సగం లిపిడ్. ఇలాంటివాటిని పాత అర్థంలో చానెళ్లు అనడం కుదరదు, సహకారం మాత్రం వీటిలో ఇంకా ఎక్కువ.

నాగరాజ్ బృందం ఇదే పద్ధతిని ఇతర పెప్టైడ్లకూ వర్తింపజేసింది. తేనెటీగ విషంలోని మెలిటిన్‌కూ, స్టఫైలోకాకస్ బాక్టీరియా విసర్జించే డెల్టా టాక్సిన్‌కూ అమైనో ఆమ్లాలు 26 చొప్పునే. మెలిటిన్ రక్తకణాలనూ బాక్టీరియానూ రెంటినీ పగలగొడుతుంది, డెల్టా టాక్సిన్ రక్తకణాలను మాత్రమే. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో ధోప్లే, నాగరాజ్ 1993లో వివరించారు. 1995లో డెల్టా టాక్సిన్ నుంచి తీసిన 16 అమైనో ఆమ్లాల నిర్జీవమైన ముక్కలో అతి కొద్ది మార్పులు చేసి దాన్ని బలమైన బాక్టీరియా నాశినిగా మార్చారు. ధనావేశం ఎక్కడుంది, నూనె ముఖం ఎంత వెడల్పుంది అన్న రెండు ప్రశ్నల చుట్టూ ఈ పనంతా తిరిగింది. సీతారాం, నాగరాజ్ 1999లో రాసిన సమీక్ష వాటిని ఒకచోట చేర్చింది.

పొరకు రంధ్రం పడితే బాక్టీరియా ఎందుకు చస్తుందో అర్థం కావాలంటే పొటాషియం వైపు చూడాలి. చుట్టూ ఉప్పు పెరిగినప్పుడు ఇ. కోలై బాక్టీరియా ముందు చేసే పని పొటాషియంను లోపలికి లాక్కోవడం. తర్వాత ప్రోలిన్, బీటైన్ వంటివాటిని పోగేసుకుంటుంది. వాటిని లోపలికి తెచ్చే ప్రోయూ అనే జన్యువ్యవస్థ మీద జె. గౌరీశంకర్ 1980లలో సీసీఎంబీలో పనిచేశాడు. తర్వాత ఆయన సీడీఎఫ్‌డీకి డైరెక్టర్ అయ్యాడు. అంత కష్టపడి పోగేసుకున్న పొటాషియం రంధ్రం పడగానే బయటికి పారిపోతుంది.

ప్రయోగశాలలో కట్టిన దారులు

పూర్తిగా మనిషి గీసిన నమూనా ప్రకారం కట్టిన మొదటి చానెల్ 1982లో క్యోటోలో తబుషి చేసింది. సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర వలయానికి పొడవైన తోకలు తగిలించాడు. గ్రామిసిడిన్ లాగే ఇవీ రెండు ఎదురెదురుగా నిలబడాలని ఉద్దేశం. 1988లో విలియం డెగ్రాడో బృందం లూసిన్, సెరిన్ అనే రెండే అమైనో ఆమ్లాలతో 21 పొడవున్న పెప్టైడ్లు కట్టింది. ఏడేసి అమైనో ఆమ్లాల వరుసలో సెరిన్ల సంఖ్య ఒకటి మార్చితే చానెల్ స్వభావమే మారిపోయింది. ఒకటి రకరకాల ధనాయాన్లను పంపింది, మరొకటి ప్రోటాన్లను మాత్రమే. సెరిన్ ముఖం వెడల్పును బట్టి కూటమిలో చేరే మరల సంఖ్య మారుతుందన్నది వారి వివరణ. సహకారాన్ని ముందుగానే ఊహించి కట్టిన పని కనుక దీనికి ప్రత్యేక స్థానం ఉంది.

1994లో రెజా ఘదిరి బృందం డి, ఎల్ అమైనో ఆమ్లాలను మారుమారుగా కూర్చి ఉంగరాల్లాంటి పెప్టైడ్లు చేసింది. ఉంగరాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని పొరలో గొట్టమవుతాయి, సెకనుకు కోటికి పైగా అయాన్లను పంపుతాయి. ఇదే కుటుంబపు ఉంగరాలు బాక్టీరియాను చంపగలవని 2001లో తేలింది. జార్జ్ గోకెల్ చేసిన హైడ్రాఫైల్స్ దీనికి భిన్నమైన దారి పట్టాయి. ఒకే అణువు పొర పొడవంతా చాచుకునేలా కట్టడం ఆయన ఆశయం. పుణెలోని ఐఐఎస్‌ఈఆర్‌లో పినాకి తాలుక్దార్ బృందం క్లోరైడ్ వంటి ఋణాయాన్లను దాటించే కృత్రిమ చానెళ్లు తయారుచేస్తోంది.

గ్రామిసిడిన్ నేర్పిన మారుమారు పాఠం హైదరాబాద్‌లోనూ ఫలించింది. ఐఐసీటీలో జి.వి.ఎం. శర్మ, ఎ.సి. కున్వర్ బృందం చక్కెరలు తగిలించిన బీటా అమైనో ఆమ్లాల ఎడమ, కుడి రూపాలను మారుమారుగా కూర్చితే 10, 12 పరమాణువుల వలయాలు కలగలిసిన గట్టి మరలు వస్తాయని 2003లో చూపించింది. వాళ్లు చానెల్ కట్టలేదు, మర ఎలా చుట్టుకుంటుందో చూపారు. చానెల్ కట్టాలనుకునేవారికి ముందు కావలసింది అదే.

పొర కూడా భాగస్వామే

ఇంతవరకు అణువులు ఒకదాన్నొకటి నేరుగా తాకడం గురించే చెప్పుకున్నాం. తాకకుండానే సహకరించే దారి కూడా ఉంది, అది లిపిడ్ ద్వారా. చానెల్ పొడవు పొర మందంకన్నా తక్కువైతే చుట్టూ లిపిడ్లు వంగి సర్దుకోవాలి. ఆ వంపుకు శక్తి ఖర్చు. రెండు చానెళ్లు పక్కపక్కకు వస్తే ఒకే వంపును ఇద్దరూ పంచుకోవచ్చు. 2003లో గోఫోర్త్, కెప్పి, ఆండర్సన్ తదితరులు దీన్ని సూటిగా పరీక్షించారు. రెండు గ్రామిసిడిన్లను నీటిలో కదలాడే మెత్తని దారంతో పక్కపక్కన కట్టారు. అలాంటి రెండు జతలు ఎదురెదురుగా కలిసి జంటగొట్టంగా మారినప్పుడు చానెల్ ఆయుష్షు వందల మిల్లీసెకన్ల నుంచి వంద సెకన్లకు పెరిగింది. ఒక్కో గొట్టం ప్రవాహం కూడా దాదాపు పదిశాతం పెరిగింది. ఇద్దరి మధ్యా ఉన్నది దారమూ లిపిడూ మాత్రమే.

హ్యూయీ హువాంగ్ పనిలో లిపిడ్ పాత్ర మరో రూపంలో కనిపిస్తుంది. అలమెథిసిన్ వంటి పెప్టైడ్లు తక్కువగా ఉన్నప్పుడు పొర మీద పడుకుని, తలల మధ్య ఇరుక్కుని పొరను సాగదీస్తాయి. సాగిన కొద్దీ పొర పలచబడుతుంది. లిపిడ్లతో పోలిస్తే పెప్టైడ్ ఒక హద్దు దాటగానే పడుకోవడంకన్నా లోపలికి నిలబడటమే చౌక అవుతుంది. మొదటి పెప్టైడ్లు పడిన శ్రమ తర్వాతివాటికి దారి సులువు చేసింది, ఒకదాన్నొకటి తాకకుండానే.

అందువల్ల ఒకే పెప్టైడ్ ఒక్కో కణం మీద ఒక్కోలా పనిచేస్తుంది. ఎర్ర రక్తకణం పొరలో కొలెస్టెరాల్ సమృద్ధిగా ఉంటుంది, పొర గట్టిగా ఉంటుంది, బయటివైపు లిపిడ్లకు నికర ఆవేశం ఉండదు. బాక్టీరియా పొరలో సాధారణంగా కొలెస్టెరాల్ ఉండదు, ఋణావేశపు లిపిడ్లు ఎక్కువ. ధనావేశపు పెప్టైడ్లు అక్కడ ముందుగా గుమికూడతాయి.

ఆంఫోటెరిసిన్ వివాదం

తెలుగు ఇళ్లలో ఆంఫోటెరిసిన్ పేరు 2021లో వినిపించింది. కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ ప్రబలినప్పుడు, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ చికిత్సకు కేంద్రమైనప్పుడు, లిపిడ్ బుడగల్లో నింపిన ఈ మందు కోసం కుటుంబాలు ఎంతో తిరిగాయి. ఆంఫోటెరిసిన్ సహజ అణువే. కానీ కృత్రిమ చానెళ్ల శాస్త్రం దాన్ని దాటి వెళ్లలేదు, ఎందుకంటే కూటమి నమూనాకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే ఉదాహరణ అదే. ఎనిమిది ఆంఫోటెరిసిన్‌లు, మధ్యమధ్య స్టెరాల్‌లు (కొలెస్టెరాల్ వంటి లిపిడ్లు), వలయంగా నిలబడి సగం దారి అవుతాయని 1974లో డి క్రూయిఫ్, డెమెల్ ప్రతిపాదించారు. 2014లో మార్టిన్ బర్క్ బృందం దీనికి ఎదురుచెప్పింది. ఆంఫోటెరిసిన్ ప్రధానంగా పొర వెలుపల ముద్దగా చేరి, స్పంజి నీటిని పీల్చినట్టు బూజు పొరలోంచి ఎర్గోస్టెరాల్ అనే స్టెరాల్‌ను లాగేస్తుందనీ, బూజు చావుకు అసలు కారణం అదేననీ వారి వాదన. ఇది నిజమైతే ఇక్కడ కూటమి రెండు రకాలు: దారి కట్టే కూటమి ఒకటి, చంపే కూటమి మరొకటి.

రెండింటినీ మోతాదుతో విడదీయవచ్చా అని బర్క్ బృందమే చూసింది. పొటాషియంను లోపలికి తెచ్చే ప్రోటీన్లు లేని ఈస్ట్‌ను తీసుకున్నారు. అది తనంతట తాను పెరగలేదు. అతి కొద్ది ఆంఫోటెరిసిన్ కలిపితే పెరిగింది, 2015లో ఆ ఫలితం వెలువడింది. 2019లో సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల శ్వాసనాళాల నుంచి పెంచిన కణాల్లో, లోపించిన చానెల్ ప్రోటీన్ బదులు ఆంఫోటెరిసిన్ దారి కట్టి బైకార్బొనేట్‌ను బయటికి పంపింది. శ్వాసనాళపు తడిలో ఆమ్లత్వం తగ్గింది, బాక్టీరియాను చంపే శక్తి ఆ తడికి తిరిగి వచ్చింది. ఈస్ట్‌ను బతికించిన ఆ అణువే, మోతాదు పెంచితే ఆ ఈస్ట్‌నే చంపుతుంది.